రైలు దిగి, బస్సెక్కి, ఆటో పట్టుకుని: ఒడిశా సరిహద్దు జిల్లాల ప్రయాణాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో ఇల్లున్నవాళ్ళకి చుట్టాల ఫోన్లు ఎక్కువ. "మీ ఊరు ఎలా రావాలి?" అని ఒకరు, "మీ ఊరి నుంచి ఎలా పోవాలి?" అని ఇంకొకరు. గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల తెలుగువాళ్ళం పెళ్ళికో, ఆసుపత్రికో, చదువుకో ఇటు విశాఖకి, అటు బరంపురానికి తిరుగుతూనే ఉంటాం. ఎక్కిన బండిలోనే గమ్యం చేరే ప్రయాణం మనలో చాలామందికి లేదు. రెండు బళ్ళు మారాలి, ఒక్కోసారి మూడు. నన్ను పదేపదే అడిగినవన్నీ ఇక్కడ పెట్టాను. రైళ్ళ వేళలు మాత్రం కావాలనే రాయలేదు. అవి మారుతుంటాయి, పాత వేళ నమ్ముకుని వెళ్ళినవాడు నన్నే తిడతాడు.

ముందు రైలు బుక్ చేసుకుని, మిగతా దారి తర్వాత చూసుకోవచ్చు కదా?

అందరూ చేసేది అదే. ఇరుక్కునేదీ అక్కడే. బయల్దేరే గుమ్మం నుంచి ముందుకి కాదు, చేరాల్సిన గుమ్మం నుంచి వెనక్కి లెక్క కట్టాలి. గుణుపురం దాటి పద్మపూర్ వైపు ఒక పల్లెలో మీ అమ్మమ్మగారిల్లు ఉందనుకోండి. ఆ పల్లెకి ఆఖరి బస్సు ఎన్నింటికి? ముందు అది కనుక్కోండి. దాన్ని అందుకోవాలంటే గుణుపురంలో ఎన్నింటికి ఉండాలి, అందుకు పర్లాకిమిడి ఎన్నింటికి దాటాలి, అందుకు మెయిన్ లైను మీదున్న నౌపడ జంక్షన్‌లో ఏ రైలు దిగాలి? అలా వెనక్కి వస్తే హైదరాబాదులో ఏ రాత్రి ఏ రైలెక్కాలో దానంతట అదే తేలుతుంది.

మెయిన్ లైన్‌లో, అంటే హౌరా చెన్నై లైనులో, రోజుకి బోలెడు రైళ్ళు. ఒకటి తప్పితే ఇంకోటి. పల్లెకి బస్సు మాత్రం ఒకటో రెండో. అరుదైన బండి దగ్గర మొదలుపెట్టి, తరచుగా దొరికే బండిని దానికి అమర్చుకోవాలి. మనం తిరగేసి చేస్తాం, ఎందుకంటే రైలు టికెట్టు 60 రోజుల ముందే దొరుకుతుంది, బస్సు సంగతి ఎవరో ఒకర్ని అడగాలి. అడగడానికే మనకి బద్ధకం.

బండి మారేచోట ఎంత సమయం ఉంచుకోవాలి?

దూరాన్ని బట్టి కాదు, "తప్పితే తర్వాతిది ఎప్పుడు?" అన్నదాన్ని బట్టి. విశాఖ కాంప్లెక్సు నుంచి శ్రీకాకుళం బస్సు తప్పితే కాసేపట్లో ఇంకోటి ఉంటుంది, కాబట్టి గంట ముందు వెళ్ళి కూర్చోనక్కర్లేదు. నౌపడలో గుణుపురం రైలు తప్పితే ఆ పూట పోయినట్టే. అలాంటిచోట రెండు గంటలు ఖాళీగా కూర్చోవాల్సి వచ్చినా నష్టం లేదు.

నా సంగతి చెబుతాను. ఒకసారి నౌపడలో ముప్పై అయిదు నిమిషాలు ఉంచుకుని, చాలా తెలివిగా ప్లాన్ వేశాననుకున్నాను. నేనెక్కిన రైలు గంటా ఇరవై నిమిషాలు ఆలస్యం. దిగేసరికి ప్లాట్‌ఫారం మీద నేనూ, ఒక టీ కెటిలూ మిగిలాం. ఆటోలో టెక్కలి వెళ్ళాను. అక్కడ ప్రైవేటు బస్సు ఒకటి "ఇదిగో బయల్దేరుతున్నాం" అంటూ సీట్లు నిండేదాకా కదలలేదు. ఇంటికి చేరేసరికి అన్నం చల్లారింది, ఇంట్లోవాళ్ళ కోపం మాత్రం చల్లారలేదు. తప్పు నాదే. ఆ రైలు నెలరోజులుగా ఎంత ఆలస్యంగా వస్తోందో ఫోన్లో చూడ్డానికి రెండు నిమిషాలు పట్టేది.

అందుకే నా కొలత ఇది: దూరప్రాంతం నుంచి వచ్చే రైలు దిగి, రోజుకి ఒకటో రెండో తిరిగే బండి ఎక్కాలంటే కనీసం రెండు గంటలు. రైలు దిగి గంటగంటకీ ఉండే బస్సెక్కాలంటే అసలు లెక్క వేయొద్దు, దిగాక చూసుకోండి. బస్సు దిగి రిజర్వేషన్ ఉన్న రైలెక్కాలంటే మాత్రం ఒక బస్సు ముందుగా బయల్దేరండి. బస్సు ఆలస్యమైతే రైలు మీకోసం ఆగదు.

రెండు రైళ్ళు బుక్ చేశాను. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే డబ్బు పోయినట్టేనా?

పోనక్కర్లేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి రెండు పీఎన్‌ఆర్‌లను (టికెట్టు మీదుండే బుకింగ్ నంబర్లను) కలిపే వీలుంది. రెండు టికెట్లలోనూ ప్రయాణికుల వివరాలు ఒకటే అయి ఉండాలి, మొదటి రైలు దిగే స్టేషన్‌లోనే రెండోది ఎక్కాలి, రెండో టికెట్టు బుక్ చేసేటప్పుడు మొదటి పీఎన్‌ఆర్ జతచేయాలి. అప్పుడు మొదటి రైలు ఆలస్యం వల్ల రెండోది అందకపోతే, ప్రయాణించని ముక్కకి రద్దు చార్జీ లేకుండా డబ్బు వెనక్కి వస్తుంది. ఆన్‌లైన్ టికెట్టయితే మొదటి రైలు చేరిన మూడు గంటల్లోపు టీడీఆర్ (డబ్బు వెనక్కిమ్మనే దరఖాస్తు) వేయాలి. ఆ హడావిడిలో అది గుర్తుండదు, ఇప్పుడే ఫోన్లో రాసిపెట్టుకోండి.

బస్సు ఆలస్యమై రైలు తప్పితే మాత్రం ఎవరూ బాధ్యులు కారు.

పర్లాకిమిడి నుంచి మెయిన్ లైన్ ఎక్కడ పట్టుకోవడం మంచిది?

మూడు దారులు. ఒకటి, ఊళ్ళో రైలెక్కి నౌపడ జంక్షన్. విశాఖ, పూరీ వైపు నేరుగా పోయే బళ్ళు కొన్ని ఉన్నాయి, వాటికి నౌపడలో మారే బాధ కూడా లేదు. రెండు, పాతపట్నం, నరసన్నపేట మీదుగా బస్సులో శ్రీకాకుళం వైపు దిగి, ఆమదాలవలసలో రైలు. మూడు, టెక్కలి మీదుగా పలాస. హౌరా, భువనేశ్వర్ వైపు పోయేవాళ్ళకి పలాస నయం. ఎక్స్‌ప్రెస్ రైళ్ళు అక్కడ ఆగినన్ని నౌపడలో ఆగవు.

మన రైలుమార్గానికి పెద్ద చరిత్రే ఉంది. పర్లాకిమిడి రాజావారు సొంత డబ్బుతో వేయించుకున్న చిన్న లైను అది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా నడిచింది, 1931 నాటికి గుణుపురం చేరింది. మొత్తం 90 కిలోమీటర్లు. 2004లో మూసి, బ్రాడ్‌గేజ్ చేసి, 2011లో మళ్ళీ గుణుపురం దాకా తెరిచారు. ఆ ఏడేళ్ళూ మేమంతా బస్సులకి అలవాటుపడిపోయాం. ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ళు రైలుందన్న సంగతే మర్చిపోయి బస్టాండుకి నడుస్తారు.

ఇంకో చిన్న కిటుకు. పాతపట్నం, పర్లాకిమిడి రెండు రాష్ట్రాల్లో ఉన్నా పక్కపక్క ఊళ్ళే. మధ్యలో మహేంద్రతనయ నది, అంతే. పర్లాకిమిడి నుంచి శ్రీకాకుళం బస్సు ఇప్పట్లో లేదంటే దిగాలుపడొద్దు. సర్వీసు ఆటో ఎక్కి పాతపట్నం వెళ్ళండి, అక్కడ పల్లెవెలుగు దొరుకుతుంది.

శ్రీకాకుళం స్టేషన్లో దిగితే ఊరు కనబడలేదు. ఎక్కడ దిగాను?

ఆమదాలవలసలో. శ్రీకాకుళం రోడ్ అని పేరేగానీ, స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. శ్రీకాకుళం పట్నం అక్కడికి 13 కిలోమీటర్లు. ఆ స్టేషన్ కోడ్ "సీ హెచ్ ఈ" ఏమిటని చాలామంది అడుగుతారు. ఇంగ్లీషువాళ్ళు శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు. ఊరి పేరు మారింది, కోడ్ పాతదే మిగిలింది.

పేర్ల తికమకలు మనకి ఇంకా ఉన్నాయి. ఇవి ముందు తెలుసుకుంటే సగం ప్రయాణం సుఖం. మనం బరంపురం అనేది రైల్వేకి బ్రహ్మపుర్. పర్లాకిమిడి అని తెలుగు పలుకుబడి ప్రకారం ఇంగ్లీషులో కొడితే యాప్‌లో దొరక్కపోవచ్చు, అక్కడ పారలఖేముండి అని ఉంటుంది. జయపురాన్ని రాజస్థాన్ జైపూర్ అనుకుని టికెట్టు తీసిన పెళ్ళివారు నాకు తెలుసు. పార్వతీపురంలో రెండు స్టేషన్లున్నాయి, ఒకటి పార్వతీపురం, ఇంకోటి పార్వతీపురం టౌన్. మీ రైలు ఎక్కడ ఆగుతుందో చూసుకోండి. అరకు దగ్గర, దాదాపు 996 మీటర్ల ఎత్తున, శిమిలిగూడ స్టేషన్ ఉంది. కోరాపుట్ జిల్లాలో సాలూరు రోడ్డు మీద సునాబెడా పక్కనున్న సెమిలిగుడ వేరే. మొదటిదానికి టికెట్టు తీసి రెండోచోటికి పోదామనుకుంటే కొండలు అడ్డం.

అన్నిటికన్నా ముఖ్యం, విశాఖ శివార్లలోని దువ్వాడ. విశాఖ స్టేషన్‌లోకి వెళ్ళిన రైలు ముందుకి పోవాలంటే ఇంజను తిప్పుకుని వెనక్కి రావాలి. ఆ సమయం కలిసొస్తుందని కొన్ని దూరప్రాంత రైళ్ళు ఊళ్ళోకి రాకుండా దువ్వాడలో ఆగి వెళ్ళిపోతాయి. టికెట్టు తీసేటప్పుడే చూడండి. అర్ధరాత్రి దువ్వాడలో దిగి ద్వారకా బస్‌స్టేషన్‌కి (అదే, కాంప్లెక్సుకి) ఆటో మాట్లాడుకోవడం అంటే రైలు చార్జీకి మించి ఖర్చు.

గుణుపురం నుంచి రాయగడకి రైలుందా?

లేదు, బస్సే. గుణుపురం నుంచి రాయగడ దగ్గరి తేరువలికి 73.62 కిలోమీటర్ల కొత్త లైనుకి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది పూర్తయి రైలు కూత వినబడేదాకా బస్సు వేళే కనుక్కుని బయల్దేరండి.

రాయగడ వాళ్ళం. హైదరాబాదుకో, విజయవాడకో పోవాలంటే?

మీకు తలుపు విజయనగరం. రాయ్‌పూర్ వైపు నుంచి వచ్చే లైను, హౌరా చెన్నై లైను కలిసేది అక్కడే. రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం, వరస అలా ఉంటుంది. నేరుగా పోయే రైళ్ళున్నా, వాటిలో రాయగడ కోటా చిన్నది. టికెట్టు దొరక్కపోతే రాయగడ నుంచి విజయనగరం దాకా జనరల్లోనో బస్సులోనో వచ్చి, విజయనగరం నుంచి విడిగా రిజర్వేషన్ తీసుకోండి. చాలాసార్లు దొరుకుతుంది.

2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖ మధ్య వందేభారత్ కూడా రాయగడ, పార్వతీపురం, విజయనగరంలలో ఆగుతోంది. చార్జీ ఎక్కువే. కానీ విశాఖలో వేళకి చేరాల్సిన పనుంటే, బస్సులో ఒళ్ళు హూనం చేసుకోవడంకన్నా మేలని నా ఉద్దేశం. వారంలో ఏ రోజు నడవదో చూసుకుని మాత్రమే నమ్మండి.

రాయగడ డివిజన్ వస్తోంది కదా, రైళ్ళు పెరుగుతాయా?

2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, 2025 జనవరి 6న భవనానికి శంకుస్థాపన జరిగింది. డివిజన్ అంటే నడిపించే కార్యాలయం. మీ టికెట్టులో, మీ ప్లాట్‌ఫారంలో దానివల్ల రేపే ఏమీ మారదు.

జయపురం, కోరాపుట్‌ల నుంచి విశాఖకి ఏ దారి మంచిది?

దేనికి మంచిది, అన్నది ముందు తేల్చుకోండి. దారులు మూడున్నాయి, మూడింటికీ మూడు రకాల ఓపిక కావాలి.

అరకు మీదుగా పోయే కొత్తవలస, కిరండూల్ లైను కళ్ళకి పండగ. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దింపడానికి వేసిన లైను అది, మనుషులు తర్వాత ఎక్కారు. అందుకే ఇప్పటికీ గూడ్సు బళ్ళదే రాజ్యం. సొరంగాలు 58 అని చెబుతారు, పిల్లలు లెక్కపెట్టి మధ్యలో మర్చిపోతారు. తొందర లేనివాళ్ళకి, పగటి ప్రయాణానికి ఇది. డాక్టరు అపాయింట్‌మెంటు ఉన్నవాళ్ళకి కాదు.

రెండోది రాయగడ, విజయనగరం మీదుగా రైలు. చుట్టు తిరుగుడే, కానీ రాత్రి పడుకుని పొద్దున్న దిగే వీలుంటుంది. హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఈ దారిలోదే. అది విజయనగరం నుంచి భువనేశ్వర్ వైపు తిరుగుతుంది, విశాఖ రాదు. విశాఖకి పోవాల్సినవాళ్ళు విజయనగరంలో దిగి వేరే బండి పట్టుకోవాలి. ఈ సంగతి తెలియక నిద్రలో పలాస దాకా పోయినవాళ్ళున్నారు.

మూడోది బస్సు: సెమిలిగుడ, పొట్టంగి, సుంకి ఘాటు, సాలూరు, రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం. ఎక్కువమంది ఎక్కేది ఇదే. సుంకి ఘాటులో మలుపులకి కడుపు తిప్పేవాళ్ళు ముందు సీట్లో కూర్చోండి, ఖాళీ కడుపుతోనూ వద్దు, నిండా తినీ వద్దు. శీతాకాలం తెల్లవారుజామున పొట్టంగి వైపు మంచు దట్టంగా ఉంటుంది, బస్సు మెల్లగా నడుస్తుంది. దానికి గంట కలుపుకోండి.

నన్నడిగితే: పనిమీద పోతే బస్సు, ముసలివాళ్ళతో పోతే రాత్రి రైలు, చుట్టాల పిల్లలు సెలవులకి వస్తే అరకు.

మల్కాన్‌గిరి నుంచి?

రైలు లేదు. జయపురం దాకా బస్సు, అక్కడి నుంచి పైన చెప్పిన దారులు. దక్షిణాన మోటు వైపున్నవాళ్ళకి చింతూరు, భద్రాచలం దగ్గర. మల్కాన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురానికి రైలుమార్గం కూడా 2024 ఆగస్టు ఆమోదాల్లోనే ఉంది.

రైలు రాత్రి 12.20కి. ఏ తేదీకి బుక్ చేయాలి?

ఈ ప్రశ్న అడగనివాళ్ళే ఎక్కువ నష్టపోయారు. 14వ తేదీ రాత్రి భోంచేసి స్టేషన్‌కి వెళ్ళి 12.20కి ఎక్కాలంటే టికెట్టు మీద 15వ తేదీ ఉండాలి. 12 దాటగానే తారీఖు మారిపోతుంది, మన నోట్లో మాత్రం అది ఇంకా "ఈ రాత్రి"యే. మన లెక్కలో తెల్లవారితేగానీ కొత్త రోజు కాదు, రైల్వే గడియారానికి ఆ సెంటిమెంటు లేదు. టికెట్టు తీసి ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పేటప్పుడు తారీఖు ఒక్కటే చెప్పకండి. "బుధవారం రాత్రి అన్నం తిని బయల్దేరాలి" అని చెప్పండి.

ఫోన్లో మ్యాప్ అడిగితే బెంగళూరులో సిటీ బస్సు చూపిస్తుంది. మా గుణుపురం బస్సు ఎందుకు చూపించదు?

మ్యాప్‌కి తెలివి లేక కాదు, దానికి ఎవరూ చెప్పక. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి దగ్గరి దారి వెతికే లెక్కని డైక్‌స్ట్రా అనే డచ్ శాస్త్రవేత్త 1959లోనే అచ్చువేశాడు. యాప్ చేసేది దానికి వేళలు కలపడమే: ఈ బస్సు దిగి, ఇంత నడిచి, ఆ రైలు అందుకోగలమా లేదా. అందుకు ముడిసరుకు కావాలి. ప్రతి ఆగేచోటూ ఎక్కడుంది, ఏ బండి ఏ రోజుల్లో తిరుగుతుంది, ఒక్కో స్టాపుకి ఎన్నింటికి వస్తుంది? వీటిని మామూలు పట్టికల్లో రాసే పద్ధతి ఒకటుంది, జీటీఎఫ్‌ఎస్ అంటారు. 2005 ప్రాంతంలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ బస్సుల కోసం గూగుల్‌తో కలిసి మొదలుపెట్టారు, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. పై ప్రశ్నలో చెప్పిన అర్ధరాత్రి గొడవకి అందులో ముచ్చటైన ఉపాయం ఉంది. ముందురోజు బయల్దేరిన బండి రాత్రి ఒంటిగంటన్నరకి వస్తే దాన్ని 25.30 అని రాస్తారు. అంటే కంప్యూటరు కూడా మన అమ్మమ్మలాగే "ఇంకా ఆ రాత్రే" అనుకుంటుంది.

మన పల్లెల్లో తిరిగే ప్రైవేటు బస్సుల వేళలు కండక్టరు తలకాయలో ఉంటాయి, బస్టాండులో పాన్ షాపు గోడమీద సుద్దముక్కతో ఉంటాయి. అవి ఆ పట్టికల్లోకి ఎక్కనంతకాలం మ్యాప్‌కి ఆ బస్సు లేనట్టే. కాబట్టి ఫోన్లో "దారి లేదు" అని వస్తే నమ్మొద్దు. రైలు ముక్కకి ఫోన్ చూడండి, ఆర్టీసీ ముక్కకి ఆర్టీసీ యాప్ చూడండి, చివరి ముక్కకి మనిషిని అడగండి. ఒక్కరిని కాదు, ఇద్దరిని. ఇద్దరూ ఒకే వేళ చెబితే అది నిజం.

ఆంధ్రాలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, మాకూ వర్తిస్తుందా?

ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. అది ఆ రాష్ట్రంలో నివాసముండే మహిళలకి, గుర్తింపు కార్డు చూపిస్తేనే. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి మామూలు సర్వీసుల్లోనే, రాష్ట్రం దాటే బస్సుల్లో కాదు. అందుకే పర్లాకిమిడిలో కూతురింటికొచ్చిన శ్రీకాకుళం అత్తగారు పర్లాకిమిడిలో ఎక్కితే టికెట్టు కొనాలి. పాతపట్నం దాకా సర్వీసు ఆటోలో వెళ్ళి, అక్కడ రాష్ట్రం లోపలే తిరిగే పల్లెవెలుగు ఎక్కితే చేతిలో సున్నా టికెట్టు పడుతుంది. ఒడిశా ఆధార్ ఉన్న కోడలు అదే బస్సులో, పక్కసీట్లో, డబ్బులిచ్చి కూర్చుంటుంది. దీనిమీద ఇళ్ళల్లో నడిచే మాటలు నేను ఇక్కడ రాయను.

ఒడిశా వైపు గ్రామ పంచాయతీల నుంచి బ్లాకు కేంద్రాలకి తిరిగే బస్సులు 2023లో లక్ష్మి పేరుతో మొదలయ్యాయి, తర్వాత ముఖ్యమంత్రి బస్ సేవ అయ్యాయి. చార్జీ తక్కువ. మన పల్లెల చివరి ముక్కకి ఇవే ఆధారం.

వెయిటింగ్ లిస్ట్ టికెట్టుతో స్లీపర్ ఎక్కి టీసీని బతిమాలుకోవచ్చా?

ఆ రోజులు పోయాయి. 2025 మే నుంచి కచ్చితంగా దింపేస్తున్నారు. కౌంటరు టికెట్టయినా వెయిటింగ్‌లో ఉంటే జనరల్ బోగీయే. ఆన్‌లైన్‌ది చార్టు (సీట్ల ఆఖరి జాబితా) వేశాక కూడా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతట అదే రద్దవుతుంది. చార్టు కూడా ఇప్పుడు ఇదివరకటి నాలుగు గంటలకన్నా ముందే వేస్తున్నారు, కాబట్టి బస్సెక్కకముందే సంగతి తెలిసిపోతుంది. అది మనలాంటివాళ్ళకి పెద్ద మేలు. ఇదివరకు విజయనగరం దాకా వచ్చాక తెలిసేది.

వెయిటింగ్ టికెట్టు మీద జీఎన్‌డబ్ల్యూఎల్ (మామూలు వెయిటింగ్ లిస్ట్) అని ఉంటే ఆశ ఉంది, ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ అంటే మధ్య స్టేషన్ల చిన్న కోటా, కదలడం కష్టం. తత్కాల్ ముందురోజు ఏసీకి 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి తెరుస్తారు. ఆన్‌లైన్‌లో తీసేవాళ్ళు ఖాతాకి ఆధార్ ముందే జతచేసుకోవాలి, పదిన్నరకి మొదలుపెడితే అవదు.

మా నాన్నగారిని విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఒక్కరోజులో వెళ్ళి రావచ్చా?

వద్దు. ఓపీ చూసేది పొద్దున్న. పర్లాకిమిడి నుంచో రాయగడ నుంచో ఎంత పొద్దున్న బయల్దేరినా వరసలో చివర నిలబడతారు, పరీక్షలు రాస్తే మర్నాడు మళ్ళీ రమ్మంటారు. ముందురోజు సాయంత్రానికి చేరండి. విశాఖ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం 1 వైపు ఒక గుమ్మం, 8 వైపు జ్ఞానాపురం గుమ్మం. ఏ వైపు దిగితే నడక తక్కువో రైల్లో ఉండగానే చూసుకోండి, మెట్ల వంతెన ఆయాసం ఉన్నవాళ్ళకి శిక్ష. నడవలేనివాళ్ళకి స్టేషన్‌లో చక్రాల కుర్చీ అడగండి.

రైల్లో వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆగింది, మళ్ళీ రాలేదు. ఆంధ్రా ఆర్టీసీలో 60 నిండినవాళ్ళకి 25 శాతం తగ్గింపు ఉంది, వయసు చూపే కార్డు చేతిలో ఉండాలి.

గంజాం వైపువాళ్ళకి, గజపతిలో మోహనా వైపున్నవాళ్ళకి బరంపురం మెడికల్ కాలేజీ దగ్గర. కొందరు అలవాటుకొద్దీ విశాఖే అంటారు. డాక్టరు చెబితే సరే, చుట్టాలు చెబితే ఆలోచించండి.

వానల్లో ప్రయాణం పెట్టుకోవచ్చా?

జూలై నుంచి అక్టోబరు దాకా అరకు లైను మీద కొండచరియలు పడి రైళ్ళు ఆగడం కొత్తకాదు. అక్టోబరు మరీ జాగ్రత్త. 2014లో హుద్‌హుద్ 12వ తేదీన, 2018లో తిత్లీ 11వ తేదీన వచ్చాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని కూడా చితకబాదింది. రోడ్డూ, రైలూ, కరెంటూ, ఫోనూ అన్నీ ఒకేసారి పోయాయి. ఆ నెలలో పెళ్ళిచూపులకి పోయినా ఒక రోజు అటూ ఇటూ ఉంచుకోండి. రైలు రద్దయితే టికెట్టు డబ్బు పూర్తిగా వస్తుంది. మూడు గంటలకి మించి ఆలస్యమై మీరు ఎక్కకపోయినా వస్తుంది, కానీ ఆ రైలు బయల్దేరకముందే టీడీఆర్ వేయాలి.

ఒడియా చదవడం రాదు. బస్సు బోర్డు ఎలా?

స్టేషన్లలో చిక్కులేదు. మన గుణుపురం లైనులో బోర్డు మీద తెలుగుంటే ఆంధ్రాలో ఉన్నట్టు, ఒడియా ఉంటే ఒడిశాలో ఉన్నట్టు, ఫోన్ తీయక్కర్లేదు. ప్రైవేటు బస్సుల మీద మాత్రం ఒక్క ఒడియాయే ఉండొచ్చు. "ఏ బస్ కేతేబెళే ఛాడిబ?" అంటే ఈ బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందని. ఈ ఒక్క ముక్క చాలు. రాయగడ, పర్లాకిమిడి బజార్లలో సగంమంది తెలుగులోనే జవాబిస్తారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువే తయారుచేశారు. మనం ఒక వాక్యం నేర్చుకోలేమా?

విమానం?

జయపురం నుంచి ఉడాన్ పథకం కింద తొమ్మిది సీట్ల చిన్న విమానాలు నడిపారు. ఆ రోజు ఉందో లేదో చూసుకుని, లేకపోతే బస్సెలా అన్నది కూడా ఆలోచించి పెట్టుకోండి. మిగతా మనందరికీ విశాఖే.

ఎంత చూసుకున్నా రాత్రి ఆఖరి బస్సు పోయింది. ఇప్పుడేం చేయాలి?

ముందు స్టేషన్ బయటికి రాకండి. వెలుగు, మంచినీళ్ళు, మనుషులు ఉండేది లోపలే. ఇంటికి ఫోన్ చేసి ఎక్కడున్నారో చెప్పండి, చార్జి అయిపోకముందే. మీతోపాటు దిగినవాళ్ళలో మీ ఊరివైపువాళ్ళు ఉన్నారేమో గట్టిగా అడగండి. నలుగురు కలిస్తే ఆటోవాడు ఒప్పుకుంటాడు, చార్జీ నలుగురికీ సర్దుకుంటుంది. అందుకని ఎప్పుడూ వంద, యాభై నోట్లు విడిగా దగ్గరుంచుకోండి, కొండల్లో స్కాన్ చేద్దామంటే సిగ్నల్ ఉండదు. ఆడపిల్లలూ, ముసలివాళ్ళూ ఉంటే ఆ రాత్రి ఘాటు రోడ్డు ఎక్కొద్దు. వెయిటింగ్ రూములో కూర్చోండి. పొద్దున్న మొదటి బస్సు అయిదు ప్రాంతంలో వస్తుందని టీ కొట్టువాడు చెబుతాడు. ఇంకొకర్ని కూడా అడగండి.